యాత్రికురాలి నడత

స్టాఫ్‌రూం తలుపు మూసి ఉంది. లోపల ఒకే కాలేజీలో పాఠాలు చెప్పే తండ్రీకూతుళ్ళు.

“ఆ పాత ఇంగ్లీషు కావ్యంలో యాత్రకెళ్ళే సన్యాసి పీకలదాకా తాగితే మీ పరీక్షల గైడులో ‘సరదా మనిషి’ అని రాశారు. వాళ్ళతో వెళ్ళే వితంతువు మళ్ళీ పెళ్ళాడితే మాత్రం ‘నడత మంచిది కాదు’ అన్నారు. ఇదేం న్యాయం నాన్నా?”

“పరీక్షలో అలా రాస్తేనే మార్కులు.”

“అవును, అలా రాయనన్న పిల్లకి సున్నా చుట్టారుగా!”

“పుస్తకంలో మనిషిని ఏమంటే నీకెందుకమ్మా ఒళ్ళు మండిపోతోంది?”

“నేనూ మొగుడు పోయినదాన్నే. పుస్తకంలో లేను, మీ ఇంట్లోనే ఉన్నాను.”

“నిన్నెవరన్నారే?”

“ఆదివారం మీతో పెళ్ళిమాట మాట్లాడ్డానికి ఒకాయన వస్తున్నాడు. నన్ను చేసుకుంటాడట. మీ గైడు చదువుకునే రమ్మన్నాను.”