అంకమ్మ భుజం, చెంచురామయ్య లిఫ్టు

అంకమ్మ అని మా గోడ పక్కనే ఉంటది, చెంచురామయ్య పెళ్ళాం. మనిషి గట్టిదే, కాకపోతే కుడి భుజం ఈ గొడవకి ముందే సగం పోయింది. ఎట్టా పోయిందంటావా, బండి పట్టుకోని పట్టుకోని పోయింది. చెంచురామయ్య ప్లాస్టిక్ బిందెలోడు గదా, మోటరుసైకిలు ఎనకమాల ఇంతెత్తు ఇనప చట్రం బిగించుకోని, బిందెలు, టబ్బులు, చాటలు అన్నీ దానికి కట్టుకోని ఊరూరా తిరిగి అమ్ముకొస్తాడు. బండి తిరక్కపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదనుకో. అంత బరువు మోసే బండాయె, ఆదివారం వచ్చేసరికి గొలుసు వదులవుద్ది, బ్రేకు పట్టదు, చక్రం ఊడదియ్యాల. మెకానిక్కు కాడికి పోడు. ఎవుడు చెయ్యేసినా పాడు చేస్తాడని ఆయనకి అనుమానం. అంతా ఇంటి పంచలోనే. మరి ఆయన చక్రం ఊడదీస్తుంటే బండి ఎత్తి పట్టుకునేది ఎవురంట? అంకమ్మే. చట్రం కింద భుజం పెట్టి ఎత్తి, కదలకుండా నిలబడాల. అన్నం మాడినా సరే, చెయ్యి తిమ్మిరెక్కినా సరే. "కదలబాకవే, నట్టు పడిపోయింది" అంటాడు. ఆ నట్టు దొరికిందాకా ఈమె అట్టానే. పెళ్ళైన కాణ్ణించీ అదే వరస.

చెయ్యి పైకి లేవక జాకెట్టు తొడుక్కోడానికి కూడా ఏడ్చేది. ఆ ఏడుపు గోడ ఇవతల నాకు వినపడింది గానీ, అదే ఇంట్లో ఉన్నాయనకి వినపళ్ళా. కందుకూరు డాక్టరమ్మ కూడా చెప్పింది, ఇంకమీదట బరువు ఎత్తావంటే ఈ చెయ్యి నీది కాదు అని. ఆ మాట చెప్తే, "డాక్టర్లు అట్టానే అంటార్లే" అన్నాడంట. సరే, ఇంతలో ఏమైందంటే, ఆయన నడుం పట్టేసింది. గొంతుక్కూచుంటే లేవలేడు, లేస్తే కూచోలేడు. ఇంక చూడు, ఇల్లంతా తలకిందులైపోయింది. తైలాలంట, ఇటికరాయి కాపడాలంట. అప్పుడు పుట్టింది ఆయనకి లిఫ్టు ఆలోచన. పట్నాల్లో మేడలెక్కే లిఫ్టు కాదమ్మా, బండిని ఎక్కిస్తే నడుమెత్తుకి లేపే ఇనప బల్ల అది, మెకానిక్కు షాపుల్లో ఉంటది. నిలబడే పని చేసుకోవచ్చు. అంకమ్మ గోడ కాడికొచ్చి మొహం ఇంత చేసుకోని చెప్పింది, "అత్తా, ఆయన నా భుజం చూళ్ళేక లిఫ్టు తెస్తన్నాడు" అని. నీతో అట్టా అన్నాడా అని అడిగా. "అనలా. మరి ఇంకెందుకు తెస్తాడు?" అంది.

తెచ్చుకునేది ఏదో ఒకటి తెచ్చుకోరాదా, లేదు. వెల్డింగు షాపు సిలార్ని ఎంటేసుకోని ఒంగోలు పోయి, ఉన్నయ్యన్నీ తిరగేశాడు. ఇంజను కడుపు కింద పెట్టి లేపేది ఒకటుందంట, చిన్నది. ఈయన బండికి కింద గొట్టాలు అడ్డమొస్తయ్, కుదరదు. మర తిప్పితే లేచే బల్ల ఇంకొకటి. కాలితో తొక్కితే నూనె ఒత్తిడికి లేచేది ఇంకొకటి. సిలార్ చెప్పాడంట, "మావా, మర బల్ల తీసుకో. ఆలస్యమైనా దానంతటది దిగదు. నూనెది తొక్కను సుఖమే గానీ ఎప్పుడు కుంగుద్దో చెప్పలేం" అని. "తిప్పతా కూచుంటే నా నడుం ఒప్పుకోవద్దూ" అన్నాడంట ఈయన. నూనెదే కావాలన్నాడు. అమ్మే షాపాయన బల్ల లేపి, పక్కన బెజ్జంలో వేలు లావు ఇనప కడ్డీ ఒకటి దూర్చి చూపించాడంట. ఇది పిన్ను, లేపిన ప్రతిసారీ పెట్టాల, ఇది ఉంటే నూనె దిగినా బల్ల దిగదు, ఇది లేకపోతే నాకు సంబంధం లేదు అన్నాడంట. ఆ బోడి కడ్డీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి మీరు.

తెచ్చాక ఇంకో యాతన. షాపుల్లో గచ్చు నేల, ఈళ్ళది మట్టి పంచ. బల్ల కాళ్ళు దిగబడిపోయినయ్. కడప బండలు తెచ్చి పరిచాడు. ఎనక చట్రం బరువుకి బండి తోక బల్ల అవతలకి వేలాడితే, సిలార్ చేత బల్లకి ఇనప తునక అతికించి పొడుగు చేయించాడు. పక్కలకి ఒరక్కుండా బర్రె పలుపులు రెండు తెచ్చి, అటొకటి ఇటొకటి పంచ గుంజలకి బిగించి కట్టాడు. బాగానే కుదిరిందనుకో, ఉన్నమాట చెప్పుకోవాల. ఇంక ఆయన సంబరం చూడాల మీరు. దారెంట పోయే ప్రతివోణ్ణీ పిలవటం, బండెక్కించటం, తొక్కటం, పిన్ను పెట్టటం, "ఇదీ దీని ప్రాణం" అని చూపించటం. పాలాయనకి చూపించాడు, పోస్టాయనకి చూపించాడు, గేదెకి సూదెయ్యటానికొచ్చిన డాక్టరుకి కూడా చూపించాడు. అంకమ్మ వాకిలి ఊడుస్తా దగ్గిరికి పోతే మాత్రం, "నువ్వు దాని జోలికి రాబాక, నీకు తెలవదు" అన్నాడు. ఆమె దూరం నుంచే చూసి వచ్చేది. భుజానికి మాత్రం విశ్రాంతి దొరికింది. జాకెట్టు తనే తొడుక్కుంటన్నానత్తా అని ఒకరోజు నవ్వతా చెప్పింది. నాక్కూడా సంతోషమేసింది, అబద్ధం చెప్పను.

దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు మనకి పనిముట్లన్నీ కడిగి పసుపూ కుంకం పెట్టి అమ్మోరి ముందు పెట్టటం ఉంది గదా, కొడవలి కాణ్ణించి కత్తిపీట దాకా. బండికి దండ, లిఫ్టుకి దండ. ఈయనకేమో నలుగురూ చూడాలని. పొద్దున్నే బండెక్కించి ఎంతెత్తు లేచిద్దో అంతెత్తు లేపి, పిన్ను పెట్టాడు. పలుపులుంటే దండలు అందంగా కనపడవని పలుపులు విప్పి అవతల పారేశాడు. ఎవరు విప్పారు? ఆయనే. విప్పి, అంకమ్మతో, "నేను తలకి పోసుకోనొస్తా. ఇంట్లో ఇనప ముక్కంటూ ఒక్కటి మిగలటానికి లేదు, అన్నీ కడిగి పూజలో పెట్టు" అని చెప్పి దొడ్లోకి పోయాడు. ఆమె పెట్టింది. పానాలు, స్క్రూడ్రైవర్లు, సుత్తి, గడ్డపార, గొడ్డలి. బల్ల పక్కన బెజ్జంలో నూనె మరకలతో కడ్డీ ఒకటి కనపడింది. నూనె ఇంకా దిగలా గదా, లాగితే వచ్చేసింది. చింతపండేసి తళతళా తోమి, బొట్టు పెట్టి, అన్నిటికంటే ముందు వరసలో పెట్టింది. ఆయనకి బాగా ఇష్టమైన వస్తువు గదా అని.

జనం చేరారు. నేనూ ఉన్నా. చెంచురామయ్య కొత్త పంచె కట్టుకోనొచ్చి, చూపంతా జనం మీదే పెట్టుకోని హారతిచ్చాడు, పళ్ళెం అంకమ్మ చేతికిచ్చి, కొబ్బరికాయ తీసుకోని లిఫ్టు కాలికేసి ఠంగుమని కొట్టాడు. ఆ అదురుకి బల్ల ఒక్క కుంగు కుంగింది. పిన్ను లేదు, పలుపులు లేవు, దండలేసుకున్న బండి అట్టా మా వైపుకి ఒరిగిపోతంది. అందరం ఎనక్కి దూకాం. నేనూ దూకా. చెంచురామయ్య నడుం నెప్పి సంగతి మరిచిపోయి అరుగు మీదికి ఎగిరాడు. ఎదురుబోయింది ఒక్క అంకమ్మే. ఎవరూ పిలవలా, ఎవరూ తోయలా. హారతి పళ్ళెం అవతల పారేసి, పరిగెత్తుకోని పోయి, చట్రం కింద అదే భుజం పెట్టింది. అప్పుడు కూడా ఆమె అరిచింది ఏందంటే, "నువ్వు జరుగు, నేను పట్టుకున్నా" అని. అంత ఎత్తు నుంచి అంత బరువు ఆడమనిషి భుజం ఆపుద్దా? మేం పోయి బండి లేపేసరికి చెయ్యి పక్కకి తిరిగిపోయి ఉంది. నా కళ్ళతో చూశా.

ఆస్పత్రిలో డాక్టరు ఎట్టా జరిగిందని అడిగితే, చెంచురామయ్య చెప్పిన మొదటి మాట, "పిన్ను పీకేసిందండీ" అని. వచ్చినోళ్ళందరికీ అదే. పలుపుల ఊసు ఎత్తడు. అన్నీ కడగమని చెప్పిన ఊసు ఎత్తడు. ఊరు కూడా అట్టానే అనుకుంది, ఆడది తెలివితక్కువతనంతో పిన్ను పీకింది, తన చెయ్యి తనే పోగొట్టుకుంది అని. నేను ఊరుకోలా. "అబ్బాయ్ చెంచురామయ్యా, గేదెల డాక్టరుకి చూపించావే ఆ పిన్ను, ఇంట్లో మనిషికి ఒక్కనాడన్నా చూపించావా?" అని మొహం మీదే అడిగా. "ఆమెకెందుకత్తా, ఆమె లిఫ్టు తొక్కేదా ఏమన్నానా" అన్నాడు.

ఇప్పుడు ఆ చెయ్యి వేలాడతా ఉంటది. పొద్దున్నే పోయి తల దువ్వి జడేసేది నేనే. లిఫ్టు మాత్రం బెమ్మాండంగా పని చేస్తంది, పిన్నుకి గొలుసు కూడా ఏయించాడు. బండి తిరుగుతంది, బిందెలు అమ్ముడుపోతన్నయ్. ఒకరోజు జడేస్తా అడిగా, ఏమ్మే, అందరం పారిపోయాం గదా, నువ్వెందుకు అడ్డం పోయావు అని. "పడిపోతా ఉంటే పట్టుకోకుండా ఎట్టుంటానత్తా, కాళ్ళు వాటంతటయ్యే అటు పోయినయ్" అంది. అప్పుడే పంచలో ఎవరో చుట్టాలొచ్చి లిఫ్టు చూస్తన్నారు. చెంచురామయ్య వాళ్ళతో అంటన్నాడు, "మా ఆడదాని భుజం నెప్పి చూళ్ళేక తెచ్చానన్నా ఇది. దానికి సుఖపడే రాత లేదు" అని. చేతిలో జడ వదిలేశా. వాణ్ణి తిడదామని లేవబోయా. అంకమ్మ ఆ మంచి చేత్తో నా చీర కొంగు పట్టుకోని ఆపింది. "విన్నావా అత్తా, నేను అప్పుడే చెప్పలా, నాకోసమే తెచ్చాడని" అంది. మొహం వెలిగిపోతంది నాయనా ఆమెకి. వాడు అన్నదానికి గాదు నాకు మండింది, ఆ మొహం చూసి మండింది. జడ సగంలో ఉంది గదా, కూచోని మిగతాది అల్లేశా.