విశ్రాంతి దినాన నిచ్చెన

ఏవిటీ, రేపటి విందులో రొట్టె నేను విరవాలా? మీ మామ పంపాడా నిన్ను? ఆయనకి వేరే పనేం లేదు. కూర్చో తిర్సా, ఆ పప్పు చేట ఇలా తెచ్చుకో, ఏరుతూ విందువుగాని. "మత్తన్యా తాత మన సంఘంలో అందరికంటే పెద్ద, పైగా ఉప్పు సముద్రం ఒడ్డున ఆ పుణ్యాత్ముల మధ్య ఉన్నవాడు, ఆయన చెయ్యి పడితే ఆ రొట్టెకే గొప్ప" అని ఉంటాడు. అన్నాడా? చూశావా! గొంతు కూడా ఇలాగే సాగదీసి ఉంటాడు. పుణ్యాత్ములట. ఈ చేత్తో నేను రొట్టె విరవనమ్మా. ఎందుకో చెబుతాను, విన్నాక నువ్వే వద్దంటావు.

మేమెవరం, అక్కడికెందుకు పోయాం అంటావా? మా తాత చెప్పేవాడు, ఒకప్పుడు అందరం ఒకే గుడివాళ్ళమేనట. రాజే ప్రధాన యాజకుడి పాగా కూడా తన నెత్తిన పెట్టుకున్నాక ఇంట్లో గొడవ మొదలైంది. గుడి వదలకూడదు, ఎవడు రాజైతే మనకేం అన్నవాళ్ళు సద్దూకయ్యులు. వీధుల్లో జనం మధ్యే ఉండి ధర్మం చెబుదాం అన్నవాళ్ళు పరిసయ్యులు. మావాళ్ళకి ఇద్దరూ నచ్చలేదు. ఊరు మైలపడిందన్నారు, పండగల తేదీలు కూడా తప్పులే అన్నారు, మూటాముల్లె సర్దుకుని ఎడారికి పోయారు. అలిగి పోయారనుకో. అలిగినవాణ్ణి ఎవరూ బతిమాలకపోతే ఏం చేస్తాడు? ఇంకా బిగుసుకుంటాడు. అలా బిగుసుకుని బిగుసుకుని, రోజుకి రెండు స్నానాలు, తెల్లబట్ట, మాటకో నియమం. మీ మామ నన్ను చూసినప్పుడల్లా, "మీరు మాకు అన్నలు తాతా, మీరూ నీళ్ళలో మునిగారు, మేమూ మునుగుతాం, మీకూ ఒకటే పంక్తి, మాకూ ఒకటే పంక్తి" అంటాడు. నిజమే, చాలావరకు ఒకటే. కానీ మీ పంక్తిలో పన్నులు గుంజే సుంకరి కూడా కూర్చుంటాడు. మా పంక్తిలో కూర్చోవాలంటే మూడేళ్ళు పట్టేది.

అవును, మూడేళ్ళు! ఊరికే చేర్చుకునేవాళ్ళు కాదు. చేరగానే ఒక చిన్న పార చేతికిచ్చేవాళ్ళు. ఎందుకనుకున్నావ్? నవ్వకు. దూరంగా పోయి గుంట తవ్వుకోడానికి. ఏడో రోజు విశ్రాంతి దినం, అప్పుడు తవ్వితే అది పని కిందికి వస్తుంది కదా, అందుకని ఆ రోజు బిగబట్టుకునేవాళ్ళం. హిల్కీయా అని నా ఈడువాడు, ఇద్దరం ఒకే రోజు చేరాం, వాడనేవాడు, "ఒరే మత్తన్యా, పరలోకం సంగతి తర్వాత, నాకైతే పొద్దుగూకడమే మోక్షంరా" అని. అలాంటివాడు. అన్నీ పాటించేవాడు, అన్నిటికీ నవ్వేవాడు. మూడేళ్ళయ్యాక ఇద్దరం పక్కపక్కన నిలబడి ప్రమాణం చేశాం. మా పంక్తిలో వండిందే తినాలి, బయటివాళ్ళ చేతి ముద్ద ముట్టకూడదు, చచ్చేదాకా. ఇది గుర్తుంచుకో.

ఒక విశ్రాంతి దినాన నేను వాననీళ్ళ గుంటలో పడ్డాను. ఆ రోజు పాత్రతో నీళ్ళు తోడకూడదు, వంగి తాగాలి. వంగాను, జారాను. గచ్చు గోడలు, ఎక్కడా పట్టు దొరకదు. ఈత రాదు. హిల్కీయా పరిగెత్తుకొచ్చాడు. మా నియమం ఏవిటంటే, నీళ్ళలో పడ్డవాడికి ఒంటిమీది బట్ట విసరొచ్చు. తాడు వెయ్యకూడదు, నిచ్చెన దించకూడదు. వాడు ఒంటిమీది బట్ట తీసి విసిరాడు, పట్టుకున్నాను, చిరిగింది. అప్పుడు ఖర్జూరపు తోటలోంచి నిచ్చెన తెచ్చి దించాడు. నేను లోపల్నుంచి వద్దురా వద్దురా అన్నాను. అయినా దించాడు. ఎక్కాను. ఎవరూ చూడలేదు.

చూడకపోతే ఊరుకోవచ్చుగా అంటావు. మా దగ్గర అలా కుదరదు. తప్పు చూసినవాడు పొద్దుగూకేలోగా మా గుంపు పెద్దకి చెప్పాలి, చెప్పకపోతే తప్పు వాడిది. నా బట్టలింకా ఆరలేదు తిర్సా, ఆ తడిబట్టలతోనే పోయి చెప్పాను. విచారించడానికి పదిమందిని కూర్చోబెట్టారు. ఆ పెద్దాయన మంచివాడే, "తప్పయింది అనరా, కొన్నాళ్ళు శిక్ష వేసి వదిలేస్తాం" అన్నాడు. హిల్కీయా ఏమన్నాడు? "రేపు వీడు మళ్ళీ పడితే మళ్ళీ తెస్తానండి." పెద్ద నావైపు తిరిగాడు, "నువ్వేమన్నావు ఆ గుంటలో?" వద్దన్నానండి, అన్నాను. హిల్కీయా నన్నొకసారి చూసి తల దించుకున్నాడు. వాణ్ణి వెళ్ళగొట్టారు.

వెళ్ళగొడితే యెరికో ఊరు ఎంత దూరం? పోయి ఎవరింట్లోనో తింటే సరిపోయేది. కానీ ప్రమాణం ఉందిగా. యెరికో ఆడవాళ్ళు రొట్టెలు తెచ్చి బతిమాలారు, ముట్టలేదు. కొండ కింద గడ్డి పీక్కుని తిన్నాడు. మేం తోటకి పోయే దారి అదే. వాడితో మాట్లాడితే మమ్మల్నీ వెళ్ళగొడతారు. నేను తల తిప్పుకుని పోతుంటే వాడే అడిగాడు, "మత్తన్యా, దగ్గు తగ్గిందా? ఆ నీళ్ళు చల్లగా ఉన్నాయి మరి" అని. దగ్గు వస్తుంటే నోరు మూసుకుని నడిచాను.

మూడు వారాలకి ఆ పెద్దాయన మనసు కరిగింది. రొట్టె ఇచ్చి, "పో, వాణ్ణి తీసుకురా" అని నన్నే పంపాడు. పోయేసరికి బోర్లా పడి ఉన్నాడు, నోట్లో ఆకులున్నాయి. రొట్టె వెనక్కి తెచ్చాను. శవం దగ్గరికి పోయింది కనక మైల, పారెయ్యమన్నారు. నన్ను ఏడు రోజులు కడుక్కోమన్నారు. కడుక్కున్నాను. ఆ తర్వాత తెల్లబట్ట కట్టుకుని పంక్తిలో కూర్చుని కడుపునిండా తిన్నాను. ఆకలేసింది తల్లీ. సిగ్గు లేకుండా ఆకలేసింది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి రోమా వాళ్ళొచ్చి అంతా తగలబెట్టారు. నది దాటి ఇక్కడికొచ్చాను. మీ అత్తగారు అప్పటికి చిన్నపిల్ల, వాకిట్లో రొట్టె తింటూ సగం తుంచి ఇచ్చింది. ఎవరు వండారు, ఎవరి చెయ్యి, ఏమీ అడగలేదు, తినేశాను. వాడు గడ్డి తిని నిలబెట్టిన ప్రమాణాన్ని నేను ఒక్క పూట ఆకలికి తెంపేశాను. మీవాళ్ళు రొట్టె అందరికీ పంచుతుంటే నేను చివర కూర్చునేది అందుకే. వినయం అనుకుంటారు పిచ్చివాళ్ళు.

ఏడవకు, ఇంకా ఉంది. ఇందాక నీతో, వద్దురా వద్దురా అన్నానని చెప్పాను కదూ? చూడు, నీతో కూడా అదే చెప్పాను. యాభై ఏళ్ళుగా అదే నోటికొస్తోంది. అనలేదమ్మా. బట్ట చిరిగాక వాడు ఏం చెయ్యాలో తోచక పైన నిలబడిపోయాడు. నీళ్ళు నోట్లోకి పోతుంటే నేనే అరిచాను, "నిచ్చెన తేరా హిల్కీయా, తోటలో ఉంది, నిచ్చెన తే" అని. పదిమందిలో వాడు ఆ ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు.

...

అదుగో రాయి, నీ వేలి కింద. సరిగ్గా ఏరు. మీ మామ పన్ను విరుగుతుంది.