కలుపు పచ్చడి లేని గిన్నె

విస్కాన్సిన్‌లో మే నెల. అడవిని వంతులేసుకుని గార్లిక్ మస్టర్డ్ కలుపు పీకిన రోజు సాయంత్రం, ఆ ఆకుతోనే వండుకొచ్చి చర్చి హాల్లో అందరూ పంచుకు తింటారు. అక్క తెచ్చిన గిన్నె మూత తీసి చెల్లెలు నోరు తెరిచింది.

"ఇదేంటక్కా, ఖాళీ గిన్నె తెచ్చావ్?"

"తెచ్చాను. బల్ల మధ్యలో పెట్టు, అందరికీ కనపడాలి."

"నీ పచ్చడి కోసం పాస్టర్ గారు బ్రెడ్డు పట్టుకుని కూచున్నారు!"

"ఆకేదే? నా వంతు అడవంతా గాలించాను. ఒక్క మొక్క లేదు."

"మా వంతులో మోకాలెత్తు ఉంది. ఓ సంచెడు ఇవ్వనా?"

"ఉండదా మరి? పీకి అక్కడే పారేస్తావు. పీకేసిన మొక్క కూడా పడున్న చోటే గింజ కడుతుంది, మూట కట్టి మోసుకురమ్మని ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నానూ?"

"పచ్చడికని ఓ మూల నాలుగు ఉంచుకోవాల్సింది."

"ఆ మూలలో ఇప్పుడు ట్రిలియం అడవిపూలు మళ్ళీ పూశాయి. తెల్లగా, చిన్నప్పుడు అమ్మ మనల్ని తీసుకెళ్ళినప్పటిలా."

చెల్లెలు ఖాళీ గిన్నెను బల్ల మధ్యకు జరిపింది.

"అయినా, ఏటా ఈ వంటల్లో నీదే ఫస్టు ప్రైజు. ఈసారి పక్క వంతు సోల్వెగ్ ఎగరేసుకుపోతుంది."

"పోనీవే. ఆవిడకింకా వండుకునేంత కలుపుంది, పాపం."