గోడ అవతల నవ్వులు

స్టాఫ్‌రూములో ఇద్దరు ఇంగ్లీషు టీచర్లే మిగిలారు. పెద్దావిడ ముందున్న టీ చల్లారిపోయింది.

"మీ క్లాసు గోలకి నా పాఠం సాగట్లేదమ్మా. గ్రామర్ చెప్తున్నావా, నాటకాలాడిస్తున్నావా?"

"రెండూనండీ. ఒకళ్లు మూగగా నటిస్తారు. ఏం చేస్తున్నారో మిగతావాళ్లు ఇంగ్లీషులో చెప్పాలి."

"ఇరవై ఏళ్లుగా నేను బోర్డు మీదే నేర్పాను. ఎవరూ చెడిపోలేదు."

"నేనేమన్నానండీ?"

"నిన్న మరీ పడీ పడీ నవ్వారు. అంత ఏం నటించారేంటి?"

"వద్దులెండి."

"చెప్పు, పర్లేదు."

"మీ దగ్గరికి సుద్దముక్క కోసం వచ్చిందే, ఆ పిల్లండీ. గోడకి చెవి ఆనించి నిలబడింది. మేడమ్ మన క్లాసు వింటున్నారని అందరూ ఒకేసారి చెప్పేశారు."

పెద్దావిడ చల్లారిన టీ ఒక గుక్క తాగింది.

"ఏమీ అనుకోకండి."

"ఇంగ్లీషులోనే చెప్పారా?"

"ఒక్క తప్పు లేకుండానండీ."