గొడుగు కింద చోటు

సభను నడిపిస్తున్న యూనియన్ అధ్యక్షులవారికి, షూటింగ్ మానుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్న మన అలనాటి హీరోయిన్ అమ్మగారికి, పెద్దలకు, నాలాగే తెర మీద గుంపులో నిలబడి బతికిన అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు నమస్కారం.

ఇందాకటి నుంచి మీరంతా నన్ను పొగుడుతుంటే లోపల గుబులుగా ఉంది. అధ్యక్షులవారూ, ఏమీ అనుకోకండి, మీరు నన్ను ‘మా పెద్దదిక్కు’ అన్నప్పుడు, రిటైరయ్యాక కూడా ఊరికే పని చేయించుకుంటారేమోనని అనుమానమొచ్చింది. (నవ్వులు) నవ్వండి. వెనకాల నన్ను ‘అనుమానం అక్క’ అంటారని నాకు తెలుసు.

ఈ గుణం మా పిన్ని పెంపకం. అమ్మ పోయాక నన్ను సాకింది, సెట్లకు వెంటబెట్టుకు తిరిగింది ఆవిడే. “పెద్దవాళ్ళు నిన్ను చూసి నవ్వితే మురిసిపోకు, ఎందుకు నవ్వారో కనుక్కో” అనేది.

అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. పిన్నికి మోకాళ్ళు పట్టేసి, మొదటిసారి ఒక్కదాన్నే షూటింగుకి వెళ్ళాను. బస్టాపులో వాన సీను. పైన గొట్టాల్లోంచి నీళ్ళు పోస్తుంటే కింద మేం తడవాలి. పొద్దున్నే ప్రొడక్షన్ మేనేజర్ నన్ను పక్కకు పిలిచాడు.

“సాయంత్రం ప్యాకప్ అయ్యాక గెస్ట్‌హౌస్‌కి రా. డైలాగున్న వేషం ఉంది, డైరెక్టర్ గారు చూస్తారు. ఎవరికీ చెప్పకు, తోటివాళ్ళు ఏడుస్తారు.”

లోకాన్నంతా అనుమానించే నేను ఆయన్ని మాత్రం అనుమానించలేదు. ఎందుకంటే ఆయన నవ్వలేదు.

నవ్వింది ఆ సినిమాలో హీరోయిన్, ఇదిగో ఈ అమ్మగారే. మేనేజర్ నాతో మాట్లాడి వెళ్ళిన కాసేపటికే నన్ను చూపించి, “ఆ అమ్మాయి వణికిపోతోంది, నా గొడుగు కిందికి రానివ్వండి” అన్నారు. డైరెక్టర్ గొణిగినా వినలేదు. అంత పెద్ద హీరోయిన్ భుజానికి నా భుజం తగులుతుంటే సంతోషించాలా? నాకేమో, ఈవిడకి నాతో ఏం పని అని ఒకటే దడ. మధ్యాహ్నం పొడిబట్టలిచ్చి, తన గదిలో కూర్చోబెట్టి, తన డబ్బాలోంచే అన్నం పెట్టారు. హెయిర్ డ్రెస్సర్ రెండు ముద్దలు తిని బాగానే ఉందని తేలాకే నేను ముట్టుకున్నాను. (నవ్వులు)

“ఎవరితో వచ్చావు? ఇంట్లో ఎవరెవరున్నారు?” అని అడిగారు.

ఈ ఆరాలెందుకని, “మా నాన్న పోలీసండీ” అని అబద్ధం చెప్పాను.

అమ్మగారు నవ్వలేదు. “మంచిది. ఆ మాట ఇక్కడ అందరికీ వినపడేలా చెప్పు” అన్నారు.

ప్యాకప్ అయింది. గేటు దగ్గర మేనేజర్ గడ్డంతో సైగ చేశాడు. నేను అటు కదిలేలోగా అమ్మగారు నా మణికట్టు పట్టుకున్నారు.

“కారెక్కు.”

“నాకు పనుందండీ.”

“తెలుసు. ఎక్కు.”

దారంతా తలుపు పిడి మీద చెయ్యి వేసుకునే కూర్చున్నాను. నా మొహం ఎక్కడ తెరకెక్కుతుందోనని ఈవిడకి కుళ్ళు అని తేల్చుకున్నాను. (నవ్వులు) మా గుమ్మంలో దింపి, పిన్ని చెవిలో ఏదో చెప్పి వెళ్ళిపోయారు. పిన్ని తలుపు గడియ పెట్టి, “రేపట్నుంచి నేను లేకుండా గడప దాటావా, కాళ్ళు విరగ్గొడతా” అంది. ఎందుకో చెప్పలేదు. చేతికొచ్చిన వేషం పోయిందని కుళ్ళికుళ్ళి ఏడ్చాను.

కొన్నాళ్ళకు, సెట్లో నా పక్కన నిలబడే పిల్ల పనిలోకి రావడం మానేసింది. నా ఈడుదే. సన్నగా ఉండేదని పిచ్చుక అనేవాళ్ళం. చూడ్డానికి వెళ్తే గోడవైపు తిరిగి కూర్చుంది. అదే మేనేజర్, అదే గెస్ట్‌హౌస్, అదే డైలాగున్న వేషం. నన్నూ పిలిచాడని చెప్పాను. పిచ్చుక ఒక్క మాటే అడిగింది.

“మరి నిన్నెవరు ఆపారే?”



ఆ రోజు నుంచి పిన్నీ నేనూ ప్రతి సెట్ గేటు దగ్గరా కాపు కాశాం. యూనియన్‌తో తగువులాడి ఆడవాళ్ళను ఇళ్ళకు దింపే బండి వేయించాం. పిచ్చుక మాత్రం మళ్ళీ ఏ సెట్‌కీ రాలేదు.

అమ్మగారూ, మీకెంత రుణపడ్డానో చెప్పలేను. కానీ ఇన్నేళ్ళూ మీ ఎదుట నవ్వుతూనే ఒక్క మాట దాచుకున్నాను. అంతా తెలిసి కూడా ఆ మేనేజర్ సంగతి అప్పుడే నలుగురిలో ఎందుకు చెప్పలేదు?

(అమ్మగారు లేచి, మైకు లేకుండానే: “భయపడ్డానమ్మా. నా సినిమాలు కూడా ఆ మేనేజర్ పనిచేసే కంపెనీ చేతిలోనే ఉండేవి. ఆ రెండో పిల్ల సంగతి నాకు ఇప్పుడే తెలిసింది.”)

కూర్చోండమ్మా. మిమ్మల్ని నిలదీయాలని కాదు. అంత భయంలో కూడా నా చెయ్యి వదల్లేదు మీరు. పిచ్చుక ఈ ఊళ్ళోనే ఉంది. మీకు వీలైతే రేపు ఇద్దరం కలిసి వెళదాం. మీరు తల ఊపారు, నమ్ముతున్నాను.

ఓపిగ్గా విన్న అందరికీ ధన్యవాదాలు. బయట బండి వచ్చింది. ఆడపిల్లలంతా ఎక్కాకే నేనెక్కుతాను. సెలవు.