మారెబ్ అవతలి నుంచి తెచ్చిన కబుర్లు

సభాధ్యక్షులు, మన చర్చి పెద్దలు గెబ్రెకిదాన్ గారికి, ముఖ్య అతిథిగా వచ్చిన శాంతిసేన మేజర్ కిప్రోనో గారికి, ఊరి పెద్దలకి, నా దగ్గర ఎక్కాలు నేర్చుకుని ఇప్పుడు నాకంటే పెద్ద పొట్టలు పెంచిన నా పాత శిష్యులకి నమస్కారం. (నవ్వులు)

మేజర్ గారు కూడా నవ్వుతున్నారు గాని, పాపం, ఆయనకి ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. ఏడున్నరేళ్లుగా ఈ ఊళ్లో ఎవరేమన్నా శాంతిసేన వాళ్లకి అనువదించి చెప్పినవాణ్ని నేనే. ఆ అనువాదకుడే ఇవాళ మైకు పట్టుకున్నాడు కాబట్టి ఆయనకి దిక్కు లేదు. మీ ఉపన్యాసాలు ఆయనకి సగానికి కోసి చెప్పేవాణ్నని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. వెల్దూ, నీవైతే పావు వంతు. (నవ్వులు)

మారెబ్ నది వంతెన మీద గుడారంలో నెలకోసారి జరిగిన సమావేశాల గురించి చెప్పమని నన్ను చాలామంది అడిగారు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మన కర్నల్ మన భాషలో ఒక మాట అంటే అవతలి కర్నల్‌కి అక్షరం పొల్లుపోకుండా అర్థమయ్యేది, ఇద్దరిదీ ఒకే భాష కదా. అయినా నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి మేజర్ గారికి చెప్పాక, అవతలి అనువాదకుడు ఇయోబ్ మళ్లీ మన భాషలోకి మార్చేదాకా ఆ కర్నల్ గుడారం బట్టకేసి చూస్తూ ఏమీ విననట్టే కూర్చునేవాడు. సరిహద్దు గీత ఎక్కడుందో ఆ బల్ల దగ్గర ఎన్నడూ తేలలేదు. గీత తేలకుండానే రేపు శాంతిసేన సామాను సర్దుకుని వెళ్లిపోతోంది, వాళ్లతో పాటు నా ఉద్యోగమూ పోయింది, అందుకే మీరు నాకీ సన్మానం పెట్టారు.

ఆ సమావేశాల్లో నిజంగా పనికొచ్చింది కాఫీ విరామం. దాని సంగతి మీకందరికీ తెలుసు, పైకి అనం అంతే. అప్పుడు నేనూ ఇయోబూ కప్పులు పట్టుకుని పక్కకి జరిగేవాళ్లం. యుద్ధంతో నది అవతల చిక్కుకున్న మీవాళ్ల కబుర్లు అతను చెప్పేవాడు, ఇవతలివి నేను చెప్పేవాణ్ని. కబుర్లు మోయకూడదని మా ఇద్దరికీ గట్టి ఆజ్ఞ. పొక్కితే మమ్మల్ని తీసేస్తారు, కొత్తగా వచ్చేవాళ్లు నోరు విప్పరు. అందుకే మీరంతా ఏడున్నరేళ్లు గుట్టు కాపాడారు, అందుకు మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఇక్కడిదాకా సరదాగానే చెప్పుకొచ్చాను. ఇక చెప్పేది ఈ గోడలు దాటి పోకూడదు, రేపు తెల్లవారేదాకా.

కొండకింద ఉండే లెమ్లెం అమ్మ మోకాళ్ల నొప్పితో ఇవాళ రాలేకపోయింది. ఆమె కొడుకు గోయితోం యుద్ధానికి ముందే అవతలికి వెళ్లి వడ్రంగం చేసుకునేవాడని మీకు తెలుసు. అతను బాగున్నాడని ఆమెకి నెలనెలా చెబుతున్నాను. గోయితోం చనిపోయి నాలుగేళ్లయింది.

పైకప్పు వేస్తూ పడిపోయాడని ఇయోబ్ చెప్పాడు. ఆ కబురుతో ఆ మధ్యాహ్నమే ఒక్కణ్నే వాళ్లింటికి వెళ్లాను. చావుకబురు చెప్పే పద్ధతి మనకి ఒకటి ఉంది. తెల్లవారుజామున పెద్దలు నలుగురూ కలిసి నడిచి వెళ్లాలి, లోపలికి వెళ్లి ఆమెకి అటూ ఇటూ కూర్చోవాలి, అప్పుడు చెప్పాలి. పెద్దల్ని పోగుచేస్తే కబురు ఎక్కణ్నుంచి వచ్చిందని దండు వాళ్లు అడుగుతారు. కాఫీ విరామం ఆ రోజుతో ఆఖరు. మీ అక్కాచెల్లెళ్ల కబుర్లు, మీ పిల్లల కబుర్లు అన్నీ ఆగిపోతాయి. నేను గుమ్మంలో నిలబడి ఇదంతా లెక్కేసుకుంటూ ఉంటే ఆమె నన్ను చూసి అడిగింది.

“పంతులూ, నా పేలపిండి అందిందా వాడికి? ఉప్పు సరిపోయిందన్నాడా?”

“సరిపోయిందన్నాడమ్మా” అన్నాను.

మీ అందరి కబుర్లూ బతకాలని ఆమె ఒక్కదాని కబురు దాచాను. మీకు పెద్ద ఉపకారం చేశానని చెప్పుకోవడం లేదు. నోరు రాలేదు, దానికి ఆ తరవాత ఒక కారణం వెతుక్కున్నాను. అప్పట్నుంచి నెలనెలా వాడికిమ్మని ఆమె నా చేత పంపిన పేలపిండి సంచీలు నలభై ఎనిమిది. ఇయోబూ నేనూ వంతెన దగ్గర తిన్నాం. పారేస్తే పాపమని అతనే అన్నాడు. ఇవాళ పొద్దున కూడా, శాంతిసేన ఆఖరి బండి వెళ్లేలోపు అందించమని ఒక సంచీ పంపింది.

ఏమిటి వెల్దూ? నిలబడక్కర్లేదు, కూర్చునే అడుగు. మీ చెల్లెలి సంగతా? నేను చెప్పింది నిజమేనయ్యా. ఆమె బాగుంది, మొన్న రెండో పాప పుట్టింది. అందరికీ నిజమే చెప్పాను, లెమ్లెం అమ్మ ఒక్కదానికి తప్ప.

మీరెవరూ నా వంక చూడటం లేదు. చూడకపోవడం న్యాయమే. నా మాట ఒక్కటి అబద్ధమని తెలిశాక మిగతావి మీ ఇళ్లల్లో ఎలా నిలబడతాయి? రేపటినుంచి అడగడానికి ఇయోబూ లేడు, వంతెనా లేదు. మీకు మిగిలింది నా మాటే, దాన్ని నేనే పాడు చేసుకున్నాను. ఇవాళ మీరు కప్పిన ఈ శాలువా మోయడం కష్టంగా ఉంది.

ఇక దాచడానికి నాకు ఏ కారణమూ మిగల్లేదు. రేపు తెల్లవారుజామున లెమ్లెం అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. నాతో నలుగురు పెద్దలు రావాలి. ఆమె నన్ను కొడితే కొట్టనివ్వండి, ఆపకండి. (సభాధ్యక్షులు లేచి నిలబడ్డారు) గెబ్రెకిదాన్ గారూ, మీరొస్తున్నారా? మీ మేలు మరిచిపోలేను. ఇంకో ముగ్గురు చాలు.

ఈ సభ పెట్టినందుకు, ఇన్నాళ్లూ నన్ను నమ్మినందుకు, మేజర్ గారికీ మీకందరికీ కృతజ్ఞతలు. ఒక్క మనవి చేసుకుని సెలవు తీసుకుంటాను. కొండకిందికి దారి మీ వీధుల్లోంచే ఉంది. చీకటి విడకముందే అయిదుగురం నడిచి వెళ్తున్న చప్పుడు మీ ఆడవాళ్లు వింటారు. తలుపు సందులోంచి చూసి గుండెలు పట్టుకుంటారు. అది మన ఇంటికి కాదని వాళ్లకి చెప్పండి. నా మాటల్లో ఈ ఒక్కటైనా నమ్మండి. సెలవు.