కదిరమ్మ మీద అర్జీ

ముదిగుబ్బ దగ్గర ఒక పల్లెలో కదిరమ్మ ఇల్లు. విచారణకొచ్చిన ఫోన్ల ఆఫీసరు శ్రీనివాసులు చేతిలో కాగితంతో వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"అది సరేలేమ్మా, తెల్లకార్డు చూపించి సగం అద్దెకే ఫోను తీసుకుంటివి గదా. ఎవరికోసరం తీసుకుంటివి?"

"మా ఇంటికే సార్."

"ఇంటికే అయితే కిటికీ కాడ ఏల పెట్టినావు? వీధిలో పోయేవాళ్లకు అందేటట్ల?"

"తీగ ఆడికే అందె సార్. కూసో, మజ్జిగ తాగుతువు."

"మజ్జిగ వద్దు, ఏమొద్దు. నీ మీద అర్జీ వచ్చిండాది. కాలనీ అంతా నీ ఫోన్లోనే మాట్లాడతారంట. ఉలిగమ్మ కొడుకు ధర్మవరం నుంచి చేస్తే, నువ్వే పోయి ఆయమ్మను పిల్చుకొస్తావంట. నిజమా, కాదా?"

"నిజమే. కొడుకు ఆడ మగ్గం నేస్తాండాడు, తల్లి ఈడుండాది."

"ఎస్తేరు?"

"దాని మొగుడు పెనుకొండ ఆస్పత్రిలో ఉన్నెప్పుడు దినామూ రెండు తూర్లు మాట్లాడె."

"అంటే ఒప్పుకుంటాండావు!"

"ఏల ఒప్పుకోను? దొంగతనం చేస్తినా?"

"రాయితీ ఇచ్చింది ఒగ పేదింటికమ్మా. ఊరికంతా కాదు."

"ఊరంతా పేదోళ్లే గదా సార్. ఇంటింటికీ ఒగటిస్తానను, దీన్ని ఇప్పుడే పీకి నీ చేతికిస్తా."

"ఎక్కువ మాట్లాడొద్దు. ఈ కాయితం మీద వేలిముద్ర ఎయ్యి. ఇంక ఎవురినీ ముట్టనియ్యనని."

"ఎయ్యను."

"ఎయ్యకపోతే లైను కోసేస్తా."

"కొయ్యి."

"హిందూపురంలో నీ కూతురికి నెలలు నిండినాయంట గదా. రేపు నొప్పులొస్తే నీకు కబురెట్ల తెలుస్తుంది? అదన్నా ఆలోచన చెయ్యవా?"

"దినామూ అదే ఆలోచన సార్. నిర్మల ఎట్లుండాదో అని అన్నం గూడా పోతాలేదు. అయినా ఎయ్యను. నా బిడ్డ మాట నాకు వినపడాల, ఉలిగమ్మకు దాని కొడుకు మాట వినపడకూడదా?"

"మొండిదానివి! వెంకటేశులూ, జీపులోంచి నిచ్చెన తీసుకోని రా. తీగ కోసెయ్."

"రానీ రానీ. ఆయప్ప కోసరమే కాచుకోనుండా."

"ఏందీ?"

"కోసేముందు ఒగ తూరి ఎత్తి చెవి కాడ పెట్టుకో సార్."

"యాడమ్మా... సద్దే లేదే! ఎన్నాళ్లాయె ఇట్లయి?"

"రెండు నెల్లు. బాగుచెయ్యమని మూడు అర్జీలు పెడితే నరమానవుడు తొంగి చూడలా."

"మరి... మరి ఈ అర్జీ ఎవరు రాసిరి?"

"రాసింది ఎస్తేరు, రాయమన్నది నేను. ఎక్కన్నా వెంకటేశులన్నా, తీగ యాడ తెగిందో చూడు. నా మీద నేనే చాడీ రాయించుకుంటే గదా సార్, మూడో దినానికే మీ జీపు వచ్చె!"